మడమలెత్తిన ఫోటో

చెన్నూరు పాత బస్టాండు వెనకాల, ఎరువుల దుకాణం మీది అంతస్తులో శ్యాంసుందర్ స్టూడియో ఉంది. బోర్డు మీది అక్షరాలు వెలిసిపోయి 'శ్యాం' వరకే మిగిలాయి. సోమవారం పొద్దున పదిన్నరకు ఆ మెట్లెక్కేటప్పుడు ప్రిస్కిల్లాకు భయమన్న ఊసే లేదు. ఎరువుల ఘాటుకు రెండు తుమ్ములొచ్చాయి, అంతే.

ప్రిస్కిల్లా కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఫోటోగ్రఫీ చెబుతుంది. నలభై నాలుగేళ్లుంటాయి. పుట్టి పెరిగింది మంచిర్యాలలో, మిషన్ చర్చి పక్కన. ఏ ఫోటో చూసినా ముందు తప్పు కనబడే కన్ను ఆమెది. పిల్లలు ఎండనపడి తిరిగి ఎంత మంచి ఫోటో తెచ్చినా, కళ్లద్దాలు పైకి తోసుకుని, "అంచు తెగింది, మళ్లీ తీసుకురా" అనేది. ఆ పేరు విని హైదరాబాదులో ఒక గ్యాలరీ వాళ్లు ఈ పని అప్పగించారు. శ్యాంసుందర్ యాభై ఏళ్ల కిందట తీసిన పిన్-అప్ ఫోటోలను చూసి, అందులో కళ ఎంత, చవకబారుతనం ఎంత, మొహమాటం లేకుండా రాసివ్వాలి.

ఆ కాలంలో నస్పూర్, మందమర్రి బొగ్గుబాయిల్లో పనికి వచ్చి ఒంటరిగా ఉండే మగవాళ్లు గోడలకు గుచ్చుకునే బొమ్మలవి. పొట్టి గౌను, పలకరిస్తున్నట్టు నవ్వు, ఒక కాలు సగం మడిచి ఒయ్యారం. శ్యాంసుందర్ విదేశీ పత్రికలు తిరగేసి ఆ భంగిమలు నేర్చుకున్నాడంటారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. కొడుకు సుధాకర్ సందు చివర చిన్న షాపు పెట్టుకుని, గల్ఫ్‌కు పోయేవాళ్లకు పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటాడు. తాళం తీసి, ఆమెను లోపలికి తీసుకుపోయింది అతనే.

పెద్ద హాలు. చివర గోడకు జలపాతం రంగులేసిన తెర, నీళ్లున్నచోట పెచ్చులూడి తెల్లగా ఉంది. ఆ తెరకు ఎదురుగా, మూలన డార్క్‌రూం. దానికి తలుపు లేదు, మందపాటి నల్ల పర్దా ఉంది. బల్ల, బీరువా, లైటు అన్నీ ఆ లోపలే కాబట్టి ప్రిస్కిల్లా అక్కడే కూర్చుంది. పాత ఫిల్ము కుళ్లిన పులుపు వాసన. ఊరగాయ జాడీలో తల పెట్టినట్టుంది.

"గీ ఫోటోలన్నిట్ల ఒక్కతేనా?" అడిగింది ఆమె.

"ఎక్కువ ఆమెనే మేడం. గప్పుడు కింద టైలర్ షాపుండె, అండ్ల గుండీలు కుట్టేదంట. ఐలవ్వ. గౌన్లు గూడ ఆమెనే కుట్టుకున్నదంటరు." సుధాకర్ పర్దా బయటే నిలబడి చెప్పాడు. లోపలికి రాలేదు. "మీరు చూస్కోన్రి. నాకు షాపుల పనున్నది."

ఆమెకు ఒక అలవాటుంది. రాయడానికి ముందు, ఫోటో చేతిలో పట్టుకుని, ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, తోచింది గట్టిగా చెప్పుకుంటుంది. ఆ రోజు మొదటి ఫోటో సైకిల్‌ది. సైకిల్‌కు ఆనుకున్న అమ్మాయి, తలమీద టోపీ, ఒక చెయ్యి టోపీ మీద.

"వెలుతురు ఒక్క కిటికీ నుంచే వచ్చింది. ఫ్లాష్ లేదు. గడ్డం కింద నీడ ఎంత మెత్తగా పడిందో చూస్తే తీసినవాడికి పని తెలుసని అర్థమవుతుంది," అని కొంచెం ఆగింది. "కానీ చెయ్యి చెడగొట్టింది. మోచెయ్యి ముందుకొచ్చి చెంప సగం కప్పేసింది. ఆ చెయ్యి వెనక్కు పోతే ముఖం తెరుచుకునేది."

రికార్డర్ ఆపి ఇంకో పది ఫోటోలు ఊరికే తిరగేసి, సాయంత్రం నాలుగింటికి తాళమేసి, చెవి సుధాకర్‌కు ఇచ్చి వెళ్లిపోయింది. మంగళవారం వచ్చి, రాసుకుందామని సైకిల్ ఫోటో మళ్లీ తీసింది.

చెయ్యి వెనక్కుంది. చెంప పూర్తిగా కనబడుతోంది.

ఆమె భయపడలేదు. ఆమెకు కోపం వచ్చింది. నిన్నటి ఫోటో కాదిది, అదే రోజు తీసిన ఇంకో ఫోటో. ఎవరో మార్చిపెట్టారు. ఎవరో ఏమిటి, తాళంచెవి ఉన్నది ఒక్క సుధాకర్ దగ్గరే. తండ్రి పనిని ఎవరూ తప్పుపట్టకూడదని, తను వెళ్లాక వచ్చి మంచి ఫోటో పెట్టి ఉంటాడు. పర్దా బయట నిలబడి తన మాటలు విన్నాడా?

షాపుకు పోయి అడిగింది.

"బాపు ఒక బొమ్మకు ఒకటే తీస్తుండె మేడం," అన్నాడు సుధాకర్, చేతిలో కత్తెర అట్లనే పట్టుకుని. "ఫిల్ము ఖరాబు చేసుడు ఆయనకు నచ్చది. ఇంకోటి లేదు."

"మరి చెయ్యెట్ల మారింది?"

"మీరే జర సరిగ చూస్కోలేదేమో."

సరిగ్గా చూడకపోవడం! ఇరవై ఏళ్ల నుంచి ఆమె చేసే పనే అది. వస్తూ బస్టాండు దగ్గర కొత్త తాళం కొన్నది.

బుధవారం ఆమె పోలీసులా పనిచేసింది. జలపాతం ఫోటో ఎంచుకుంది. తెర ముందు ఆ అమ్మాయి ఒక చేత్తో తల పైన ఉత్త కుండ ఎత్తి పట్టుకుని, నీళ్లు ఒంపుకోబోతున్నట్టు నిలబడింది. ఫోటో వెనక పెన్సిలుతో సన్నగా తన పొడి అక్షరాలు రాసింది. ముందువైపు ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంది. అప్పుడు రికార్డర్ ఆన్ చేసింది.

"ఇందులో పెద్ద లోపం పాదాలది. మడమలు నేలకు ఆనినయి. ఈ రకం ఫోటోల్లో మునివేళ్ల మీద నిలబెడతారు. అప్పుడు పిక్క నుంచి నడుం దాకా గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇక్కడ మనిషి అలసిపోయి నిలబడ్డట్టుంది. మడమలు లేవాలి."

ఫోటోను బీరువాలో పెట్టి, కొత్త తాళం వేసింది. తాళంచెవి మెడలోని గొలుసుకు, సిలువ పక్కన, తగిలించుకుంది. ఆ రాత్రి మంచిర్యాలలో తమ్ముడి ఇంట్లో పడుకుంది. నిద్ర బాగానే పట్టింది. రేపు వాడు దొరుకుతాడని ఆమెకు ధీమా.

గురువారం వాన ముసురు. బీరువా తీసింది. తాళం వేసింది వేసినట్టే ఉండింది. ఫోటో తిప్పి చూసింది. తన పొడి అక్షరాలు, తన చేతిరాతే.

ముందుకు తిప్పింది.

మడమలు నేల మీద లేవు.

బెత్తెడు ఎత్తున లేచి ఉన్నాయి. పిక్కలు బిగుసుకున్నాయి. ఆమె ఎట్లా ఉండాలన్నదో అట్లాగే, పాదం నుంచి నడుం దాకా ఒకే గీత. ఫోనులో నిన్నటి ఫోటో పక్కన పెట్టింది. అందులో మడమలు కింద ఉన్నాయి. ఇంకొకటి కూడా కనబడింది, అది ఆమె అడగనిది. నిన్నటి ఫోటోలో అమ్మాయి పెదవి పైన ఏమీ లేదు. ఇవ్వాళ్టి దాంట్లో సన్నగా చెమట పట్టింది.

ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టింది. అయినా ఆమె మనసు ఇంకా మనుషులనే వెతికింది. సుధాకర్‌ను పిలిపించి, పర్దా బయటే రెండు ఫోటోలూ అతని ముందు పెట్టింది. అతను ఫోటోను చూశాడు, ఫోనును చూశాడు, ఆమెను చూశాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"మేడం, ఇప్పుడు ఫోన్లల్ల ఏమేమో యాప్‌లు వచ్చినయ్. బొమ్మ ఎట్లంటె అట్ల మారుస్తయ్. మా బాపు ఫోటోలు ఖరాబని రాస్తానికి మీరే ఏదో చేస్తున్రని నాకు మంగళవారం నుంచే అనుమానం."

"నేనా? తాళమేసి పోయిన, చెవి నా మెడల ఉన్నది!"

"గందుకే అంటున్న. చెవి మీ మెడలనే ఉన్నది గద."

ఆమె లోపలి స్టూలు చూపించింది.

"ఇక్కడనే కూసుందాం. ఇద్దరం. ఫోటో బల్ల మీద, మన కండ్ల ముందట. నేనొక మాట చెప్త. ఎవరు మారుస్తరో చూద్దాం."

సుధాకర్ మొదటిసారి పర్దా లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కరెంటు పోయింది. ఆమె ఫోను లైటు ఆన్ చేసి ఫోటో మీదికి తిప్పింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గడ్డం," అంది ఆమె. "గడ్డం కొంచెం దిగి ఉంది. పైకెత్తాలి."

ఫోటో మారలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. సుధాకర్ ఊపిరి వదిలి, నవ్వబోయాడు...

పులుపు వాసన గుప్పున లేచింది. ఇప్పుడే ఎవరో ఫోటోలు కడిగే మందు కలిపిన తొట్టి తెరిచినట్టు. పర్దా బయట, హాల్లో, చెక్క నేల కిర్రుమంది. ఒక అడుగు. ఇంకొకటి. బరువైనదేదో నేల మీద ఈడ్చిన చప్పుడు. తర్వాత...

టక్.

అంతే. చిన్న చప్పుడు.

సుధాకర్ పర్దా వైపే చూస్తున్నాడు. అతని పెదవులు మాత్రం కదిలాయి.

"గా చప్పుడు... బాపు కెమెరాది."

"ఎక్కడున్నది కెమెరా?" గొణిగింది ప్రిస్కిల్లా.

"లేదు మేడం. ఆయన అస్థికలతోని గోదావరిల కలిపినం."

ఆమె పర్దా పక్కకు లాగింది. హాల్లో ఎవరూ లేరు. జలపాతం తెర కొద్దిగా ఊగుతోంది. కిటికీలు మూసే ఉన్నాయి. వెనక్కు తిరిగి బల్ల మీద చూసేసరికి, ఫోటోలో గడ్డం పైకి లేచి ఉంది. నవ్వు అట్లాగే ఉంది. నవ్వు మీద రెండు కళ్లూ నీళ్లతో నిండి ఉన్నాయి.

ఆమె అరవబోయింది. అప్పుడే మెట్ల మీద దబదబా అడుగులు. ఈసారి నిజమైనవే. వానకు తడిసిన ఒకామె గుమ్మంలో నిలబడి ఎగపోస్తోంది. ముప్పై ఐదేళ్లుంటాయి, చేతిలో ఆటోవాడు తిరిగిచ్చిన చిల్లర ఇంకా అట్లాగే ఉంది.

"శ్యాంసుందర్ సార్ స్టూడియో గిదేనా? ఎవరున్నరు గీడ? ఏం జేస్తున్రు మీరు మా అత్తకు?"

"మీ అత్త ఎవరమ్మా?" అన్నాడు సుధాకర్.

"ఐలవ్వ. నస్పూర్ క్వార్టర్లల్ల ఉంటం. నేను మమతారాణిని, కోడల్ని." ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సోమవారం పగటిపూట చెయ్యి లేపి గంటసేపు నిలవడ్డది. ముసలితనం అనుకున్నం. నిన్నటి నుంచైతే దిగుతనే లేదు. మునివేళ్ల మీద నిలవడ్డది. పట్టి గుంజితే రాయి లెక్కనే ఉన్నది. ఏమైందే అంటే, 'శ్యాంసుందర్ సార్ మల్ల తీస్తుండు' అంటది. బాణామతి చేస్తున్రా? నిజం చెప్పున్రి!"

ప్రిస్కిల్లాకు అప్పుడు అర్థమైంది. తను ఒక్కొక్క తప్పు చెప్పినప్పుడల్లా, ఎవరో ఆ ఫోటోను మళ్లీ తీస్తున్నారు. ఆ తీసినప్పుడల్లా ఐలవ్వను నిలబెడుతున్నారు. ఇరవై రెండేళ్ల అమ్మాయిని కాదు... డెబ్బై రెండేళ్ల ముసలామెను.

బల్ల మీద ఫోటో చూసి మమతారాణి వెనక్కు తగ్గింది. "కాలబెట్టున్రి దాన్ని."

"వద్దు," అన్నాడు సుధాకర్ వెంటనే. "కాల్చినంక అక్కడ ఆమెకు ఏమన్న అయితే?"

ఎవరికీ తెలియదు. ఫోటోను కవర్లో పెట్టుకుని, ముగ్గురూ సుధాకర్ కారులో బయల్దేరారు. దారి పొడుగునా ప్రిస్కిల్లా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలంటేనే అనుమానంగా ఉంది. ఏ మాట దేనికి తగులుతుందో!

నస్పూర్‌లో క్వార్టర్ ముందు గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించారు. మిగిలిన జాగాలో ముసలామె నిలబడి ఉంది. సన్నటి మనిషి. చెయ్యి తల పైకి లేచి, లేని కుండను పట్టుకుని ఉంది. గడ్డం పైకెత్తి ఉంది. మొహం మీద నవ్వు. ఆ నవ్వు కింద మెడ నరాలు తాళ్లలా తేలాయి. పాదాలు వాచి నల్లగా కమిలిపోయాయి. మడమలు బెత్తెడు ఎత్తున, గాలిలో, సన్నగా వణుకుతున్నాయి.

"గడ్డం గిప్పుడు లేపింది," అంది మమతారాణి ఏడుస్తూ. "నేను ఆటో ఎక్కినప్పుడు దించే ఉండె."

ప్రిస్కిల్లా కవర్లోంచి ఫోటో తీసింది. "నేను చెప్పినవన్నీ వాపస్ తీసుకుంటున్న," అంది ఫోటోతో. ఏమీ కాలేదు. "ఆపున్రి. తీయకున్రి ఇంక." ఏమీ కాలేదు. ముసలామె వణుకు ఎక్కువైంది. ఎడమకాలి చిటికెన వేలి గోరు కింద నుంచి రక్తం చుక్క కారింది.

ఏం చెప్పాలి? ఆ తీసేవాడికి బతిమాలుకోవడం వినబడదు. తప్పొప్పులే వినబడతాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఫోటోను రెండు చేతులా పట్టుకుని, బతుకులో మొదటిసారి తప్పు వెతకకుండా చూసింది. అందులో ఉన్నది శ్యాంసుందర్ పనితనం కాదని అప్పుడు కనబడింది. గౌను అంచున కుచ్చులు మోకాలు కదిలిన తీరుకు తగ్గట్టు వేసి ఉన్నాయి. ఎక్కడ ఎంత వంగితే బట్ట ఎట్లా జారుతుందో తెలిసిన మనిషి కుట్టుకున్నవి. నవ్వు చూసేవాడి కోసం పెట్టిందే, కానీ కనురెప్ప కాస్త బరువుగా వాల్చి, ఇంతవరకే అని హద్దు గీసింది కూడా ఆమే. ఆ బొమ్మను గోడలకు గుచ్చుకున్న మగవాళ్లు ఆ హద్దు చూసి ఉండరు. తను మాత్రం చూసిందా, ఈ నాలుగు రోజులూ మడమలు, మోచేతులు లెక్కపెట్టుకుంటూ?

"బాగున్నది," అంది. మళ్లీ గట్టిగా అంది. "ఈ ఫోటో చాలా బాగున్నది. ఇందులో ఏ లోపమూ లేదు. ఇక తియ్యాల్సిన పని లేదు."

గదిలో వాన చప్పుడు ఒక్కసారి ఆగినట్టనిపించింది.

ముసలామె ఎడమ మడమ నేలకు దిగింది. తర్వాత కుడిది. చెయ్యి జారి పక్కకు పడింది. కూలబోతుంటే సుధాకర్, మమతారాణి చెరోవైపు పట్టుకున్నారు. మంచం వాల్చి పడుకోబెట్టారు. నీళ్లు తాగించారు. సగం గ్లాసు తాగి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి తెరిచింది.

మమతారాణి వంటింట్లోకి పోయింది. సుధాకర్ బయట డాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు. ప్రిస్కిల్లా మంచం పక్కన కింద కూర్చుని, ఆ వాచిన పాదాలకు తడిగుడ్డ చుడుతోంది.

"నన్ను క్షమించవ్వా," అంది మెల్లగా. "నా మాటలతోని నీకింత గోసైతదని నాకు తెల్వదు."

ముసలామె తల తిప్పి ఆమె మొహాన్నే చూసింది. కోపం లేదు. ఎప్పటి నుంచో ఎదురుచూసిన మనిషిని చూస్తున్నట్టు చూసింది.

"మొకం ఇప్పుడే చూస్తున్న," అంది. "గొంతు మాత్రం ఎరుకనే."

"ఎట్ల ఎరుకవ్వా?"

"గప్పుడు గూడ సారు ఏం అనకపోతుండె. ఒక్కటి తీసి చాలనేటోడు. నల్ల పర్దా ఎనుక నుంచి ఒక ఆడామె గొంతు వస్తుండె. చెయ్యి ఎనుకకు పోవాలె. మడిమలు లేవాలె. గడ్డం ఎత్తాలె. సారు భయపడి మల్ల తీసేటోడు. పర్దా ఎత్తి చూస్తే లోపల ఎవ్వరు ఉండకపోతుండె." ముసలామె కళ్లు రెప్పవేయలేదు. "నీదే బిడ్డా, గా గొంతు."

ప్రిస్కిల్లా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. "నేను... నేను అప్పటికి పుట్టనే లేదవ్వా."

"గా సంగతి నాకేం ఎరుక." ముసలామె గొంతు బాగా తగ్గించింది. ప్రిస్కిల్లా వంగి వినాల్సి వచ్చింది. "ఆఖరి దినం ఫోటో దిగింది నేను గాదు. నాతోని టైలర్ షాపుల పనిచేసేటామె. నేను పక్కకు నిలవడ్డ. గా దినం పర్దా ఎనుక నుంచి ఒక్కటే మాట వచ్చింది. గా మాట విని సారు కెమెరా మీద బట్ట కప్పి, మెట్లు దిగి పోయిండు. నేను గూడ ఉరికిన. మల్ల వచ్చి చూస్తే ఆమె లేదు. ఇంటికీ రాలే. ఇప్పటికీ రాలే."

"ఏం మాటవ్వా? ఏమన్నది గా గొంతు?"

ఐలవ్వ ఆమె వంక చూసింది. ఆ చూపులో మొదటిసారి భయం కనబడింది. నెమ్మదిగా తన పాదాలను ఆమె చేతుల్లోంచి వెనక్కు లాక్కుంది.

"నేను చెప్ప. గా మాట నువ్వింకా అనలే గద బిడ్డా."

వంటింట్లోంచి మమతారాణి కేకేసింది. "మేడం, చాయ్ తాగుతరా? చక్కెర ఎయ్యాల్నా?"

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. ముసలామె రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుంది.

ప్రిస్కిల్లా నోరు మూసుకుని, లేచి వంటింటి గుమ్మం దాకా పోయి, తల మాత్రం ఊపింది.